ప్రాణప్పుల్ల

ఎబినేజరు సారు దేవరకొండ నుంచి
మోపెడు మీద తెచ్చిండు,
చంటిపిల్లను దవాఖానకు తెచ్చినట్టు
చెద్దర్ల చుట్టి.
మెడ విరిగింది. పొట్ట పగిలింది.
మా నాయిన మోనాచారి
చేతిల గుంటుక పక్కకు జరిపి
"పండవెట్టు" అన్నడు.

మర్రిగూడల వడ్లోల్లం మేము.
గడపలు, గుంటుకలు, పాడెకట్టెలే తప్ప
పాడే కట్టెను ముట్టింది లేదు.

ఒక కన్ను మూసి బెజ్జంల నుంచి చూసిండు.
అడుగున మాసిన కాయితం, తెల్వని అచ్చరాలు.
"ఇటలీ దేశం, క్రెమోనా ఊరు,
మూడు వందల ఏండ్ల కిందటి పెద్ద వడ్లాయన పేరు"
సారు గొంతు తగ్గించిండు,
"నిజమైతే లచ్చలు."
నాయిన కణుపుతోని కొట్టి చూసిండు
అంగట్ల కుండను కొట్టినట్టు.
"కాయితం ఎవడైనా అతుకుతడు సారూ.
ఈ లోపలి పని చూడు,
ఎవ్వరికి కానరానికాడ గూడ చిత్రిక వట్టిండు.
ఎవడో గానీ మా పాలోడే."

పై పలక విప్పెటందుకు తొమ్మిది దినాలు,
కత్తి మొనకు ఆవిరి వట్టి
పాత సరేసును బతిమిలాడుకుంట.
పగిలినకాడికి పొణికి మాసిక,
మా నాయినమ్మ ఇత్తనాల పెట్టె మూత.
నలభై ఏండ్లు పొయ్యి మీద పొగ తాగి
తడి అన్న మాటే మరిచిన కట్టె.
గాజుపెంకుతోని గీకి, చెవికాడ వెట్టుకొని కొట్టి,
మల్ల గీకి, మల్ల కొట్టి,
"ఇంక బువ్వ తిన్నట్టే మోగుతుంది,
ఉపాసమున్నట్టు మోగాలె" అనేటోడు.

రాత్రి మంచంల పండి సారును అడిగిన సంగతే
నన్ను గూడ అడిగిండు:
"ఆ ఊర్ల నీళ్లెట్లుంటయో?"
సారుకు తెల్వదు. నాకేం తెలుస్తది.

దాని పక్క చెక్కలను పక్కటెముకలంటరంట.
కాలిన గొట్టానికి ఆనిస్తే
మాట వినే పిల్లల లెక్క వంగినయి.
మా నాయినయి వంగయి.
నలభై ఐదేండ్లు బోరింగు నీళ్లు తాగిన బొక్కలు.
పక్కకు చూడాలంటే
బీరువ తిప్పినట్టు మనిషంత తిరగాలె.
నల్లగొండల డాక్టరు ఫొటో తీసి
ఎలుగుకు వట్టి చూపిండు,
ఎన్నుపూస మొత్తం ఒక్కటే కర్ర,
యాడ గూడ అతుకు కానరాలే.
"పనోడు మంచోడే" అన్నడు నాయిన.

అందుకే లోపలి పుల్ల నేను నిలవెట్టిన.
చిటికెనేలంత పుల్ల,
పొట్టకు ఈపుకు నడుమ నిలుస్తది.
గొడుగు ఊస వంచి బెజ్జంల దూర్చి
పదకొండు సార్లు పడగొట్టిన.
జిగురు వెడదామంటే కసిరిండు:
"అతికితే సస్తది పోరీ.
రెండు దిక్కుల బరువుకు
దానంతటదే నిలవడాలె."
ఆ దేశంల దాన్ని ఆత్మ అంటరని
సారు తర్వాత చెప్పిండు.
అప్పటికే మేము ప్రాణప్పుల్ల అని పిలుసుకుంటున్నం.

సారు గడ్డం కింద వెట్టుకొని వాయించిండు.
ఏం పాటనో, నడుమల ట్రాక్టరొకటి పోయింది.
మా అమ్మ శాట పక్కకు వెట్టి
చెయ్యి కొంగుకు తుడుసుకొని నిలవడ్డది.
నాయిన గోడ దిక్కు కూసున్నడు, తిరగలేడు.
సారు చూసి ఆపిండు,
గోడకూ ఆయనకూ నడుమకు వచ్చి
మల్ల మొదటి నుంచి.

మూడు వందలిచ్చిండు, సంచెడు బత్తాయిలు.

ఇంకొకటి చెప్పలే.
పలక మూసే దినం సారు వచ్చి
నీ పేరు గూడ రాయి చారీ అన్నడు.
చెవి మీది పెన్సిలు తీసి
ఆ ఇటలీ కాయితం పక్కన
నాయిన వంకర అచ్చరాలు రాస్తుంటే
లాంతరు వట్టింది నేనే.
పేరు రాయలే.
"నీళ్లు తగలనియ్యొద్దు" అని రాసిండు.

ఎన్నడో ఇంకెవడో వడ్లోడు
విప్పితే చదువుతడు.
బత్తాయిలు మాత్రం పుల్లగున్నయి.